యాభై కోట్ల అడుగులు

జెఫెరీనో బాబాయి పడవ మీద ఒక గుర్తుంటుంది:
నిలువు గీత, దాని కొసన విరిగిన కొక్కెం.
పోవ్వా రేవులో చదువు రానివాళ్ల అక్షరాలవి.
వలకీ తెడ్డుకీ చర్చి తలుపుకీ
ఇంటిపేరు బదులు అదే చెక్కేవాళ్లు.
పెద్దకొడుకు తండ్రి గుర్తుకి ఒక గాటు కలుపుకోవాలి,
రెండోవాడు రెండు.
కడగొట్టువాడికి మాత్రం తండ్రి గుర్తు ఉన్నదున్నట్టు,
గాటు లేకుండా.

బాబాయి కడగొట్టువాడు.
గుర్తుతో పాటు తాత పాదాలూ వచ్చాయి.

బుల్లిపాదాల జబ్బు అంటాం మా ఊళ్లో,
ఉయ్యాల్లో బిడ్డ గురించి చెబుతున్నట్టు.
ముందు వేడి తెలియదు.
సార్డీన్లు కాల్చిన బొగ్గుల మీద మడమ ఆనించి
కబుర్లు చెబుతూనే ఉన్నాడట.
వాసన పక్కింటి ఎర్మెలిండాకి ముందు తెలిసింది.

నేను పోర్తోలో, నాలుగో అంతస్తులో,
కిటికీ లేని గదిలో ఆ మడమని వెతుకుతాను.
కాలేయం తయారుచేసే ఒక ప్రోటీను,
నాలుగు పోగులు ఒకదాన్నొకటి పట్టుకుంటేనే అది అది.
ముప్పయ్యో చోట వాలీన్ ఉండాలి.
మా ఇంట్లో మెథియోనిన్ ఉంది.
పడవ మీద లేని గాటు అక్కడ పడింది.
పట్టు వదులవుతుంది, విడిపోయిన పోగులు
నరాల పక్కన చేరి చిక్కుపడతాయి,
ఎవరూ విప్పని వలలా.

పెట్టె నిండా నీళ్లు పోస్తాను, ఉప్పు వేస్తాను,
ఒంటి వెచ్చదనం ఇస్తాను.
నీళ్లూ పెట్టే అన్నీ అంకెలే.
ప్రతి పరమాణువునీ ఎవరెంత లాగుతున్నారో లెక్క,
ఆ లెక్క చొప్పున ఒక అడుగు.
మళ్లీ లెక్క. మళ్లీ అడుగు.
యాభై కోట్ల అడుగులు వేస్తే
సెకనులో పదిలక్షో వంతు గడుస్తుంది.
దానికి నాలుగు రోజులు మిషన్లు రొదపెడతాయి.

ఆసుపత్రికి వచ్చిన రోజు బాబాయి నా గదికీ వచ్చాడు.
"ఇందులో నేనెక్కడ?"
చూపించాను, పసుప్పచ్చగా మెరిసే గంధకం.
"అగ్గిపుల్ల తలంతైనా లేదే!"
కాసేపాగి, "సముద్రమేదీ?"
లెక్కలో ఉంది బాబాయ్, బొమ్మలో తీసేశాను,
అడ్డమొస్తుందని.
నలభై ఏళ్లు చేపలు పట్టినవాడు
దగ్గొచ్చేదాకా నవ్వాడు.
"నీళ్లు అడ్డమనుకునేదానివి
వల ఎందుకేశావమ్మా?"

నీళ్లు పెట్టాను. ముప్పైవేల అణువులు,
తెరంతా ఎరుపూ తెలుపూ పొట్టు.
ప్రోటీను మునిగిపోయింది.
ఆయన మాట్లాడకుండా చూశాడు,
వాతావరణం చూసినట్టు.
చాలాసేపటికి గోరు ఆనించి,
"ఇదిగో, ఇది లోపలికి పోతోంది."
రెండు పోగుల సందులోకి
బొట్టు కూడా కాదు, ఒక్క నీటి అణువు.
ఆ చోటు మీదుగా నేను పదకొండుసార్లు వెళ్లాను.

దీన్ని కనిపెట్టడం అనరు.
వేరే వేగాలతో మూడుసార్లు మొదలుపెట్టి చూడమంది మా ఇవోన్.
రెండుసార్లు దూరింది, మూడోసారి దూరలేదు.
పోగుల మధ్య మేకులా బిగిద్దామని నేను పెట్టిన మందు,
జాబితాలో నలభై మూడోది,
ముప్పై ఒకటో కోటి దగ్గర
చెప్పాపెట్టకుండా బయటికి నడిచింది.
నలభై నాలుగోది ఇప్పుడు క్యూలో ఉంది,
వాతావరణ శాఖ వాళ్ల తర్వాత.

ఫైలుకి మా గుర్తే పేరుగా పెడదామంటే కంప్యూటరు ఒప్పుకోలేదు.
కాగితం మీద గీసి తెర అంచున అంటించాను.
మా నాన్న రెండోవాడు, రెండు గాట్లు.
మూడోది గీయాలో వద్దో తెలియదు.
నా రక్తం ఇంకా ఎవరూ చదవలేదు.

ఆ రోజు లిఫ్టు పనిచేయలేదు.
బాబాయి కళ్లతో పాదాన్ని చూసి,
మెట్టుని చూసి, మళ్లీ పాదాన్ని చూసి
దిగాడు. చెయ్యి ఇస్తే విసుక్కున్నాడు.
వెనకాలే నడుస్తూ లెక్కపెట్టాను,
అలవాటు కదా.
అరవై ఎనిమిది.